మోషే "నోటి మాంద్యము": నత్తా, మందమా, బరువా?

ప్రశ్న: సండే స్కూల్ పిల్లలకి బైబిల్లోని నిర్గమకాండం చెబుతున్నానండి. ఐగుప్తులో (ఈజిప్టు) బానిసలైన ఇశ్రాయేలీయుల్ని విడిపించడానికి రాజు ఫరో దగ్గరికి వెళ్లమని దేవుడు మోషేకి చెప్పే ఘట్టం. 4:10లో మోషే "నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను" అంటాడు కదా. చదవగానే ఒక పిల్ల "మోషేకి నత్తా టీచర్?" అంది. పెద్దవాళ్లలోనూ చాలామంది అదే అనుకుంటారు. మాంద్యం అంటే ఈ రోజుల్లో పిల్లలకి తెలిసింది ఆర్థిక మాంద్యం ఒక్కటే. అసలు మూలంలో ఏముంది? తెలుగులో ఆ మాట ఎందుకు పడింది?

జవాబు: సిస్టర్, మంచి చోట పట్టుకున్నారు. మాంద్యం అంటే మందంగా ఉండటం, చురుకు తగ్గటం. వైద్యుల అగ్నిమాంద్యం, బుద్ధిమాంద్యం అన్నీ ఆ కుదురువే. మామూలు మాటల్లో "చెవి కాస్త మందం", "కడుపు మందంగా ఉంది" అంటాం చూడండి, అదే. కాబట్టి తెలుగు వాక్యం చెప్పేది నోరు చురుగ్గా ఆడదని. నత్తి అని ఎక్కడా లేదు.

హీబ్రూలో "కెవద్ పె, కెవద్ లాషోన్" అని ఉంది. నోరు బరువు, నాలుక బరువు. "కావేద్" అంటే బరువైనది. క్రీస్తుకు ముందే వచ్చిన గ్రీకు అనువాదం నాలుక బరువుని "నిదానపు నాలుక" చేసింది. లాటిన్, ఇంగ్లీషు బైబిళ్లు కూడా ఆ నిదానాన్నే పట్టుకున్నాయి. మన మాంద్యము ఆ వరసలోకే వస్తుంది. తప్పు కాదు, కానీ బరువు మాత్రం జారిపోయింది.

జారితే ఏం అంటారా? నిర్గమకాండం మొత్తం ఆ బరువు మీదే నడుస్తుంది. ఐదో అధ్యాయంలో ఇటుకలు చేసే బానిసల మీద పని ఇంకా "బరువు చేయండి" అంటాడు ఫరో. ఫరో గుండె "బరువు" (7:14). పశువుల తెగులు, వడగండ్లు, మిడతలు, అన్నిటికీ అదే విశేషణం. సీనాయి కొండ మీద మేఘం కూడా అంతే. చివరికి అమాలేకీయులతో యుద్ధంలో మోషే చేతులు. అక్కడ మాత్రం మన అనువాదంలో "మోషే చేతులు బరువెక్కగా" అని ఉన్నదున్నట్టు పడింది. అన్న అహరోను, హూరు అనే ఆయన చెరో పక్కన నిలబడి ఆ చేతుల్ని ఆదుకుంటారు. తర్వాత మామ యిత్రో వచ్చి, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతున్న అల్లుణ్ని చూసి "ఈ పని నీకు మిక్కిలి భారము" అంటాడు (18:18). అదీ ఆ మాటే. నోరు బరువని తప్పుకోబోయినవాడి మీద ఎన్ని బరువులు పడ్డాయో హీబ్రూ పాఠకుడి చెవికి వరసగా వినిపిస్తుంది. మనకి ఒకచోట మాంద్యము, ఒకచోట కాఠిన్యం, ఒకచోట భారం అయి విడివిడిగా వినిపిస్తాయి.

మరొకరు: అయితే తెలుగులో కూడా అన్నిచోట్లా "బరువు" అనే పెట్టేస్తే పోయేది కదా? అనువాదకులకి ఏం అడ్డం వచ్చింది?

జవాబు: తెలుగే అడ్డం వచ్చింది బ్రదర్. "ఫరో గుండె బరువెక్కింది" అని రాసి చూడండి. పాపం, బానిసల కష్టం చూసి కరిగిపోయాడనుకుంటాం. మనకి గుండె బరువెక్కితే కళ్లలో నీళ్లొస్తాయి. అక్కడ జరిగింది దానికి పూర్తిగా తిరగబడ్డది: కదలని గుండె. నోటి సంగతీ అంతే. "ఆయన మాటకి బరువుంది" అంటే ఊళ్లో చెల్లుబాటున్న పెద్దమనిషి. "ప్రభువా, నా నోరు బరువైనది" అని మోషే చేత అనిపిస్తే వినయం పోయి గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది! అందుకే మాంద్యము. నాకైతే ఆ ఎంపిక సరైనదే అనిపిస్తుంది.

ఫరో గుండెకి హీబ్రూ మూడు మాటలు వాడుతుంది: బిగుసుకోవడం, బరువెక్కడం, గట్టిపడడం. తెలుగులో ఈ మూడూ "కఠినము" కిందికే వచ్చాయి. ఐగుప్తు వాళ్ల నమ్మకంలో చనిపోయినవాడి గుండెని త్రాసులో పెట్టి, అవతలి తట్టలో మాత్ దేవత ఈకని ఉంచి తూస్తారు. బరువు తేలిన గుండెకి మోక్షం లేదు. "ఫరో గుండె బరువు" అనడంలో ఆ త్రాసు మీద ఎత్తిపొడుపు ఉందని కొందరు పండితులు అంటారు. నాకు నమ్మబుద్ధవుతుంది.

ఇంకొకటి. "కావేద్" కుదురులోంచే మహిమకి "కావోద్" వచ్చింది, "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అన్న ఆజ్ఞలో "కబ్బేద్" వచ్చింది. బరువుకీ మర్యాదకీ చుట్టరికం మనకేం కొత్త కాదు. సంస్కృతంలో గురువు అంటే బరువైనది, అందులోంచే గౌరవం. ఆ ఆజ్ఞలో "గౌరవించుము" అని పెట్టి ఉంటే కనీసం అక్కడైనా బరువు నిలిచేది. ఇది నా చాపల్యం అనుకోండి.

ఇంకొకరు: మా ఖురాన్‌లో కూడా ఈ ఘట్టం ఉందండి. తాహా సూరాలో మూసా (మోషే) అలైహిస్సలాం "నా నాలుక ముడి విప్పు, నా మాట వాళ్లకి అర్థమయ్యేలా" అని దుఆ చేస్తారు (20:27, 28). హారూన్‌ని (అహరోను) సాయం అడుగుతారు. మరోచోట ఫిరౌన్ (ఫరో) ఆయన్ని "స్పష్టంగా మాట్లాడలేనివాడు" అని ఎగతాళి చేస్తాడు (43:52). మా ఇళ్లలో పెద్దవాళ్లు నిప్పు కథ కూడా చెబుతారు.

జవాబు: భాయ్, ముడి అనడం బాగుంది. నిప్పు కథ యూదుల పాత లేఖన వ్యాఖ్యానాలైన మిద్రాష్‌లోనూ ఉంది. పసివాడు మోషే ఫరో కిరీటం లాగి తన నెత్తిన పెట్టుకుంటాడు. ఇది తెలిసి చేశాడా, తెలియక చేశాడా చూద్దామని పళ్లెంలో బంగారం, నిప్పుకణిక పెడతారు. బంగారం వైపు వెళ్లబోయిన చేతిని గబ్రియేలు దూత పక్కకి నెడతాడు. పిల్లవాడు నిప్పు పట్టుకుని, కాలిన చేయి నోట్లో పెట్టుకుంటాడు, నాలుక కాలుతుంది. బైబిల్లో ఈ కథ లేదు. కానీ నత్తి అన్న ఊహ ఇంతగా పాతుకుపోవడానికి ఇదో దారి.

11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ నత్తి అనే అన్నాడు. ఆయన మనవడు రష్బామ్ తాతతో విభేదించాడు. దేవుడితో ముఖాముఖి మాట్లాడినవాడికి నత్తేమిటి, చిన్నప్పుడే ఐగుప్తు వదిలి పారిపోయాడు కాబట్టి ఆ రాజభాష ధారాళంగా రాదన్నాడు. దీనికి ఆధారం యెహెజ్కేలు 3లో దొరుకుతుంది. అక్కడ "నాలుక బరువైన జనం" అంటే పరాయి భాష మాట్లాడే జనం. ఫరో దగ్గరికి వెళ్లే సమయానికి మోషేకి 80 ఏళ్లు (7:7). మిద్యానులో గొర్రెలు కాస్తూ అంతకాలం గడిపినవాడికి దర్బారు భాష ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

అడిగినవారు: మరి అపొస్తలుల కార్యములు 7:22లో స్తెఫను ఆయన్ని "మాటలయందును కార్యములయందును ప్రవీణుడు" అన్నాడే?

జవాబు: ఆ రెంటినీ బలవంతంగా అతకక్కర్లేదండి. స్తెఫను చెబుతున్నది ఐగుప్తు చదువు చదివిన కుర్ర మోషే గురించి. 4:10లో, మండుతున్న పొద దగ్గర దేవుడితో మాట్లాడుతున్నది ముసలి కాపరి. పైగా ఆ మాట తన గురించి తాను చెప్పుకుంటున్నది, అదీ పని తప్పించుకోవడానికి. కథ ముందుకెళ్లే కొద్దీ చూడండి, ఫరోతో ఎక్కువగా మోషేనే మాట్లాడతాడు. పిల్లలూ పెద్దలూ మందలతో సహా అందరం వెళ్తాం అని పదో అధ్యాయంలో బేరం లేకుండా చెప్పింది ఆయనే.

4:10లోనే ఇంకో ముక్క ఉంది. "ఇంతకు మునుపైనను" అని మనం చదివేచోట హీబ్రూలో "నిన్నా లేదు, మొన్నా లేదు" అని ఉంది. తెలుగువాడు సరిగ్గా ఇలాగే అంటాడు కదా, "ఇది నిన్నా మొన్నటి సంగతి కాదయ్యా" అని. చేతిలో ఉన్న జాతీయాన్ని పక్కన పెట్టి గ్రాంథికంలోకి ఎందుకు వెళ్లారో! 6:12లో అయితే మరీను. అక్కడ మూలం "సున్నతి లేని పెదవులు". హృదయానికి సున్నతి అన్న మాటని ద్వితీయోపదేశకాండం 10:16లో ఉంచినవాళ్లు, పెదవుల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మాంద్యమే తెచ్చారు. దీన్ని మాత్రం నేను ఒప్పుకోను.

మరొకరు: 4:13 సంగతి కూడా చెప్పండి మాస్టారూ. "నీవు పంప తలంచిన వానినే పంపుము" చదివితే ఎంతో భక్తిగా ఉంటుంది. వెంటనే దేవుడికి కోపం ఎందుకొచ్చింది?

జవాబు: ఆ భక్తి గ్రాంథికం తెచ్చిపెట్టిందే. మూలం విసురుగా ఉంటుంది. మన మాటల్లో "ఎవర్ని పంపుకుంటావో పంపుకో" అన్నట్టు. అంతకు ముందు నాలుగుసార్లు అడ్డం చెప్పాడు: నేనెంతటివాణ్ని, నీ పేరేమని చెప్పను, వాళ్లు నన్ను నమ్మరు, నాకు మాట రాదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, దేవుడూ ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఐదోసారి కారణం లేదు. వెళ్లను, అంతే. కోపం అక్కడ వచ్చింది. వచ్చినా తిట్టలేదు, "నీ అన్నయైన అహరోను లేడా?" అన్నాడు. అతడే నీకు నోరు అన్నాడు.

ఇంకొకరు: నోరున్న అన్న! తర్వాత బంగారు దూడ దగ్గర తమ్ముడు నిలదీస్తే ఏమన్నాడు? జనం బంగారం ఇచ్చారు, నిప్పులో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది (32:24). ఉలి పట్టి తానే చెక్కినవాడు!

అడిగినవారు: 😄 వచ్చే ఆదివారం పాఠం అదేనండి.