పిండితో పాపపరిహారార్థబలి ఎలా అవుతుంది?

అందరికీ వందనాలండి. బైబిల్లోని లేవీయకాండం మొదటిసారి వరుసగా చదువుతూ ఐదో అధ్యాయంలో ఇరుక్కుపోయాను. పాపపరిహారానికి గొర్రెనో మేకనో తేలేనివాడు రెండు గువ్వలో పావురపు పిల్లలో తేవచ్చు, వాటికీ స్తోమత లేకపోతే ఏఫాలో (అప్పటి ధాన్యపు కొలత) పదోవంతు గోధుమపిండి చాలట (5:11). రెండో అధ్యాయంలోని నైవేద్యానికి నూనె, సాంబ్రాణి ఉండాలి, ఇక్కడ మాత్రం రెండూ వేయకూడదు, పొడిపిండే, యాజకుడు అందులోంచి పిడికెడు తీసి బలిపీఠం మీద కాలుస్తాడు, పిండి తెచ్చినవాడికి క్షమాపణ దొరుకుతుంది. మరి రక్తం చిందకుండా క్షమాపణ లేదని హెబ్రీ 9:22 సండే స్కూల్లో బట్టీ పట్టించారు కదా! తీరా చూస్తే ఆ వచనం చివర 'సామాన్యముగా చెప్పవచ్చును' అని ఉంది, ఇన్నేళ్లూ ఆ ముక్క మింగేసి అప్పజెప్పాను.

మా పాస్టరుగారేమో ఆ పిండి మిగతా బలుల మీదే కాలుతుంది కాబట్టి రక్తం తగిలినట్టే అన్నారు, నాకెందుకో అతికించిన జవాబులా అనిపించింది.

పేదవాడికి ఇది మినహాయింపా? లేక బలిలో అసలు విషయం రక్తం కాకుండా ఇంకేదైనానా? నూనె, సాంబ్రాణి ఎందుకు వద్దన్నారు? హీబ్రూ తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి ప్లీజ్.