పాప 2³ × 2⁴ = 4⁷ అంటోంది, ఎలా చెప్పాలి?

ఎనిమిదో తరగతి నాన్న: మా పాపది ఇంగ్లీషు మీడియం. నేను చదివింది తెలుగు మీడియం. ఘాతాంకం, బహుపది, సజాతి పదాలు అంటే మంత్రాలు చదువుతున్నానని నవ్వుతుంది. 2³ × 2⁴ ఇస్తే 4⁷ వేస్తుంది. "రెండు రెళ్ళు నాలుగే కదా నాన్నా" అంటే ఏం చెప్పను? సూత్రం బట్టీ పట్టించాను, రెండు రోజులకే మళ్ళీ మొదటికి వచ్చింది.

సుద్దముక్క: సూత్రం పక్కన పెట్టండి బాబూ. విప్పి రాయించండి: 2×2×2, దాని పక్కనే 2×2×2×2. ఎన్ని రెండ్లు ఉన్నాయో తననే లెక్కపెట్టమనండి. ఏడు. 8ని 16తో గుణిస్తే 128, 2⁷ కూడా అంతే. 4⁷ అయితే 16,384! ఇంకోటి, 2³ని "రెండు మూళ్ళు" అని చదవనివ్వకండి. ఎక్కాల అలవాటులో ఆరు అనేస్తారు. నా క్లాసులో ఏటా సగం మంది అక్కడే పడేవాళ్ళు.

గోదారిగట్టు: మా వాడికి డబ్బుతో ఎక్కింది. లక్షకి ఐదు సున్నాలు, కోటికి ఏడు. లక్ష కోట్లకి పన్నెండు. బడ్జెట్ వార్తలు ఇలా పనికొచ్చాయి.

రాత్రిబండి: నన్ను ఏడిపించింది 2⁰. సున్నా ఎందుకు కాదని ఇంటర్ దాకా అనుమానమే. 16, 8, 4, 2 అని సగం చేసుకుంటూ వస్తే తర్వాత 1, ఆ తర్వాత అర. అంటే 2⁰ ఒకటి, 2⁻¹ అర. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే పరీక్షలో అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

సుద్దముక్క: బహుపదులకీ భయపడక్కర్లేదు. 347 అంటే 3×10² + 4×10 + 7. ఆ పది స్థానంలో ఎక్స్ పెడితే అదే బహుపది. 12ని 13తో గుణిస్తే 156. (ఎక్స్+2)ని (ఎక్స్+3)తో గుణిస్తే ఎక్స్² + 5ఎక్స్ + 6. అవే అంకెలు. (ఎక్స్+1)²కి ఎక్స్² + 1 అని రాస్తే 11 × 11 = 101 అన్నట్టే.

రాత్రిబండి: మాస్టారూ, అన్నిసార్లూ కుదరదు. 11⁴ = 14641 వరకూ బాగానే ఉంటుంది, 11⁵ మాత్రం 161051. (ఎక్స్+1)⁵ విప్పితే గుణకాలేమో, అంటే ఎక్స్‌ల ముందుండే అంకెలు, 1, 5, 10, 10, 5, 1.

సుద్దముక్క: నిజమే. సంఖ్యల్లో పది దాటితే పక్క స్థానానికి క్యారీ వెళ్తుంది. బహుపదిలో ఆ పని లేదు, 10ఎక్స్² అలాగే ఉంటుంది. నిజానికి గుణకారం అక్కడే తేలిక.

ఎనిమిదో తరగతి నాన్న: విప్పి రాయించాను, గుణకారం దారికొచ్చింది. ఇప్పుడు 2³ + 2⁴కి కూడా 2⁷ వేస్తోంది!

గోదారిగట్టు: అన్నా, లక్షా కోటీ కూడితే లక్ష కోట్లు అవుతాయా అని అడుగు.

ఎనిమిదో తరగతి నాన్న: అడిగాను. కాసేపు ఆలోచించి, "కోటీ లక్షే కదా" అంది. నేనేం చెప్పకుండానే 2⁷ కొట్టేసి 24 వేసింది.