సెల్లార్‌లో ఎవరిదో తెలియని బండి: అమ్మేయాలా, అప్పగించాలా?

కూకట్‌పల్లి సెక్రటరీ
20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో మెట్ల పక్కన పాత స్ప్లెండర్, ఏపీ 28 నంబరు. హ్యాండిల్ లాక్ వేసి ఉంది, రెండు టైర్లూ నేలకు అంటుకుపోయాయి, సీటు మీద పావురాల రెట్ట గట్టిపడింది. ఇప్పుడున్న ఇళ్లవాళ్లంతా మాది కాదంటే మాది కాదంటున్నారు. పాత వాచ్‌మన్ ఊరికి వెళ్లిపోయాడు. మీటింగులో మూడు మాటలు వచ్చాయి: తుక్కు సామానువాడికి అమ్మి డబ్బు మెయింటెనెన్స్‌లో కలపడం, గేటు బయట పెట్టేయడం, పోలీసులకు రాసివ్వడం. ఏది చేయాలి?

తుక్కులెక్క
ఇంత ఆలోచన ఎందుకండీ? బండికి, నోటీసు బోర్డుకి కాగితం అంటించండి, 30 రోజులు ఆగండి, తీర్మానం రాసి అమ్మేయండి. కాంట్రాక్టు చట్టం 169వ సెక్షన్ ఉంది: దొరికిన వస్తువు యజమాని వెతికినా దొరక్కపోతే, దాన్ని కాపాడటానికి అయిన ఖర్చు వస్తువు విలువలో మూడింట రెండు వంతులకు చేరితే అమ్ముకోవచ్చు. పార్కింగ్ అద్దె ఏళ్ల లెక్కన కట్టి చూడండి, ఆ డొక్కు విలువ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

క్యాంటీన్ వకీలు
సెక్షన్ ఉన్న మాట నిజమే, ఈ బండికి మాత్రం అతకదు. అది పోగొట్టుకున్న వస్తువు దొరికినవాళ్ల గురించి. తాళం వేసి పార్కింగ్‌లో పెట్టిన బండి మీకు "దొరికింది" అనలేరు, పెట్టిన చోటే ఉంది. ఇక పార్కింగ్ అద్దె మీరిప్పుడు కూర్చుని వేసిన లెక్క. బండి పాడవకుండా పెట్టిన ఖర్చు కాదది.

ఇంకో చిక్కు. కొన్నవాడి పేరు మీదికి ఆర్‌సీ మారాలంటే ఫారం 29, 30 మీద పాత ఓనర్ సంతకం కావాలి. మీ తీర్మానం కాపీ తీసుకెళ్తే ఆర్‌టీఏలో ఎవరూ చూడరు. కాబట్టి కొనేవాడు విప్పి ముక్కలు అమ్ముకోవడానికే కొంటాడు. తర్వాత ఓనర్ వచ్చి ఫిర్యాదు ఇస్తే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఉంది, పరుల సొత్తును దురుద్దేశంతో సొంతానికి వాడుకోవడం. కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ల జైలు. నేరం రుజువవుతుందా లేదా అన్నది తర్వాతి మాట, తీర్మానం మీద సంతకాలు పెట్టినవాళ్లందరూ ముందు స్టేషన్ మెట్లు ఎక్కాలి.

గల్లీ భాయ్
గీ సెక్షన్ల లొల్లి ఎందుకన్నా. రాత్రి నలుగురు పట్టి గేటు బయట రోడ్డు మీద పెట్టుర్రి. పొద్దుగాల ట్రాఫిక్‌వాళ్లు ఎత్తుకపోతరు. పని అయిపాయె.

క్యాంటీన్ వకీలు
ఎత్తుకుపోతే మంచిదే. ఎత్తుకుపోకపోతే? రెండు రోజుల్లో కార్బ్యురేటర్, సైలెన్సర్ మాయమవుతాయి. గేటు దగ్గర సీసీ కెమెరాలో మాత్రం బండిని మోసిన మీ నలుగురి మొహాలే ఉంటాయి. రోడ్డు మీద అడ్డం పెట్టింది ఎవరంటే మీరే.

ఈ సలహా వెనకున్నది మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్. పబ్లిక్ ప్లేస్‌లో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి టోయింగ్ చేయించవచ్చు, ఖర్చు ఓనర్‌దే. పబ్లిక్ ప్లేస్ అంటే జనానికి వెళ్లే హక్కున్న చోటు. మీ సెల్లార్ అందులోకి రాదు. అందుకే "సెల్లార్‌లోంచి ఎత్తుకెళ్లండి" అని ట్రాఫిక్‌వాళ్లకు ఫోన్ చేస్తే రారు. అడగాల్సింది లా అండ్ ఆర్డర్ స్టేషన్‌ని, అంటే మీ ఏరియా మామూలు పోలీసు స్టేషన్‌ని.

ఖైరతాబాద్ క్యూ
అమ్మాలా వద్దా అని కొట్టుకునే ముందు బండి ఎవరిదో కనుక్కున్నారా? ఇలాంటి కేసుల్లో ఓనర్ దొరక్కపోవడం తక్కువ, వెతక్కపోవడమే ఎక్కువ.

రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టండి. పేరు సగం చుక్కలతో వస్తుంది, అయినా అసోసియేషన్ పాత అద్దె రిజిస్టర్ పక్కన పెట్టుకుంటే ఆ సగం చాలు. ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో, బండి మీద ఫైనాన్స్ (లోన్) ఉందో లేదో కూడా అక్కడే. తర్వాత తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్. పెండింగ్ చలాన్ ఉంటే తేదీ, చోటు, చాలాసార్లు ఫొటో కూడా ఉంటాయి. బండి చివరిసారి రోడ్డెక్కింది కనీసం ఫలానా రోజున అని తేలుతుంది, నడిపినవాడి చొక్కా రంగుతో సహా.

టైరు పక్క గోడ మీద చిన్న గుండ్రటి గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2315 అంటే 2015లో 23వ వారం తయారీ. ఏపీ 28 అంటే ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి జిల్లా నంబరు కాబట్టి 2014 జూన్‌లో తెలంగాణ రాక ముందు రిజిస్ట్రేషన్. టైరు దాని తర్వాతిదైతే ఎవరో డబ్బు పెట్టి మార్పించుకుని నడిపారన్నమాట.

నంబరు ప్లేటు ఒక్కటే నమ్మొద్దు. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడకు కుడివైపు కొట్టి ఉంటుంది. కిరసనాయిలు ముంచిన గుడ్డతో తుడిచి సుద్దముక్క రాయండి, అక్షరాలు తేలతాయి. ఇసుక కాగితం, ఆకురాయి తగిలించొద్దు. నంబరు గీకేశారన్న అనుమానం మీ మీదికే వస్తుంది. 17 అక్షరాల్లో మొదటి మూడు ఎంబీఎల్ అయితే హీరో. ట్యాంకు మీద హీరో బొమ్మ ఉండి ఇక్కడ ఎండీ2 కనిపిస్తే అది బజాజ్ ఫ్రేమ్. అప్పుడిక నోటీసుల పని లేదు, నేరుగా స్టేషనే.

తుక్కులెక్క
సరే, 169 వదిలేద్దాం. కానీ స్టేషన్‌కు వెళ్తే "ఓనర్‌ని మీరే వెతుక్కోండి, మాకు పెట్టే చోటు లేదు" అంటారు కదా? చట్టం బాగానే ఉంది, బండి మాత్రం సెల్లార్‌లోనే ఉంటుంది.

క్యాంటీన్ వకీలు
అది నిజం, ఒప్పుకుంటాను. నోటిమాటగా వెళ్తే అదే జవాబు వస్తుంది. అందుకే కాగితం మీద వెళ్లండి. రెండు ప్రతులు. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఎప్పటినుంచి ఉందని తెలుసు, ఓనర్ కోసం ఏమేం చేశారు, నాలుగు వైపుల ఫొటోలు. "తీసుకెళ్లండి" అని రాయకుండా "ఇది దొంగసొత్తో, ఏదైనా కేసులో ఉన్నదో అనుమానంగా ఉంది, పరిశీలించండి" అని రాయండి. అనుమానాస్పద వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది, అది సెల్లార్‌లోనూ వర్తిస్తుంది. రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. బండి రేపే కదలకపోవచ్చు. ఆ ముద్ర ఉంటే ఇంకెప్పుడు ఎవరు వచ్చి అడిగినా అసోసియేషన్ మెడకు చుట్టుకోదు.

వాళ్లు తీసుకెళ్తే ఆపై దారి వాళ్లది. హైదరాబాద్, సైబరాబాద్ కమిషనరేట్లు ఇలాంటి బండ్ల జాబితా ప్రకటించి, హక్కుదారులు ఆరు నెలల్లో రావాలని నోటీసు ఇస్తాయి. రాకపోతే బహిరంగ వేలం. అక్కడ కొన్నవాడికి ఫారం 32 మీద ఆర్‌సీ మారుతుంది. అదే బండిని మీరు అమ్మితే కాగితాలు పుట్టవు, పోలీసులు వేలం వేస్తే పుడతాయి. తేడా ఇక్కడుంది.

ఎల్బీనగర్ రెంచి
కాగితాల సంగతి పెద్దలు చూసుకుంటారు. బండి అక్కడున్నన్నాళ్లూ చేయాల్సినవి రెండున్నాయి.

మొదటిది పెట్రోల్ కాక్. ఎడమవైపు ట్యాంకు కింద ఉంటుంది, ఆఫ్‌లో పెట్టండి. ఏళ్లుగా నిలిచిన పెట్రోల్ జిగురై కార్బ్యురేటర్ నీడిల్ వాల్వ్‌ను పట్టేస్తుంది. వాల్వ్ మూసుకోకపోతే ఓవర్‌ఫ్లో పైపులోంచి బొట్టుబొట్టుగా కారుతుంది. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకి సెల్లార్ గుంటలో నిలుస్తుంది. పక్కనే మీటర్ బోర్డు ఉంటే చెప్పక్కర్లేదు.

రెండోది, జరపాల్సి వస్తే లాక్ విరగ్గొట్టొద్దు. హ్యాండిల్ ఎడమకు తిరిగి ఉంటుంది కాబట్టి తోస్తే బండి గుండ్రంగా తిరుగుతుంది. బండి మొత్తం సుమారు 110 కిలోలు. ముందు చక్రం కింద నాలుగు చిన్న చక్రాల పలక పెట్టి, ఇద్దరు ఫోర్క్ దగ్గర, ఒకరు వెనక పట్టుకుంటే సరిపోతుంది. వెనక టైరుకు ముందే గాలి కొట్టించండి, లేకపోతే రిమ్ము ట్యూబును కోసేస్తుంది.

క్యాంటీన్ వకీలు
కాక్ తిప్పడం సరే. ట్యాంకులో పెట్రోల్ మాత్రం తీయొద్దు. అది కూడా ఓనర్ సొత్తే.

ఎల్బీనగర్ రెంచి
కారుతుంటే తీయక తప్పదు వకీలు గారూ, చట్టం కోసం సెల్లార్ తగలబెట్టుకుంటామా? ఇద్దరి ముందు క్యాన్‌లోకి తీసి, ఎన్ని లీటర్లో కాగితం మీద రాసి, వీడియో పెట్టుకుంటే పోలా.

ఓనర్ దొరికితే ఆయనకొక మాట చెప్పండి: వచ్చిన ఊపులో కిక్ కొట్టొద్దు. పిస్టన్ రింగులు బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) తుప్పుపట్టి అంటుకుని ఉంటాయి, కాలితో బలంగా తంతే రింగు విరిగి బోరు గీసుకుపోతుంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఇంజన్ కదిలిందంటే సగం బతికినట్టే. పాత ఆయిల్ తీసి కొత్తది పోయాలి. కార్బ్యురేటర్ విప్పి పైలట్ జెట్‌ను (ఐడ్లింగ్‌కు పెట్రోల్ అందించే సన్న రంధ్రం ఉన్న ముక్క) క్లీనర్‌తో ఊదాలి. సూది గుచ్చొద్దు, జెట్ ఇత్తడిది, రంధ్రం పెద్దదైతే ఇక ఐడ్లింగ్ కుదరదు. ఎయిర్ ఫిల్టర్ మూత తీసేటప్పుడు కొంచెం దూరంగా నిలబడండి, హైదరాబాద్ సెల్లార్లలో అది ఎలుకల ప్రసూతి వార్డు.

కూకట్‌పల్లి సెక్రటరీ
నంబరు కొట్టి చూశాం. పేరులో మొదటి రెండక్షరాలు, చివరిది కనిపిస్తున్నాయి. అద్దె రిజిస్టర్‌లో ఒకాయనతో కలుస్తోంది, ఫోన్ మాత్రం పనిచేయడం లేదు. ఫైనాన్స్ ఇంకా చూపిస్తోంది. బండిని ఆ ఫైనాన్స్ వాళ్లకే ఇచ్చేస్తే?

ఖైరతాబాద్ క్యూ
ఇచ్చేయకండి, రాయండి. లోన్ తీరిపోయినా ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) పెట్టి తీయించుకోకపోతే ఆ పేరు రికార్డులో అలాగే ఉండిపోతుంది. పాత బండ్లలో ఇది మామూలే. బాకీ ఉందో లేదో వాళ్లే చెప్పాలి, ఓనర్ పాత చిరునామా, ఇంకో ఫోన్ నంబరు వాళ్ల ఫైల్లో ఉంటాయి. మీకివ్వరు గానీ, మీ ఉత్తరాన్ని ఆయనకు చేర్చమని అడగొచ్చు.

రిజిస్టర్‌లోని ఊరి చిరునామాకు కూడా అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్ చేయండి. ఓనర్ చనిపోయారని ఇంట్లోవాళ్లు జవాబిస్తే, వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31. వాళ్లకు బండి వద్దంటే, ముందు తమ పేరు మీదికి మార్చుకుని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వమనండి, బండి తుక్కుకు అప్పగించినట్టు రుజువుగా ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ వాళ్ల పేరు మీదే వస్తుంది. కవరు తిరిగొస్తే చించకుండా అలాగే స్టేషన్ ఫిర్యాదుకు జత చేయండి.