తాతగారి పాత పట్టా కాగితంలో హాలీ, కల్దార్ లెక్క: తెలిసినవాళ్లు చెప్పగలరా?

మాది నల్లగొండ జిల్లా. పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మా తాతగారు పొలం కొన్నప్పటి కాగితం దొరికింది. మొత్తం ఉర్దూ చేతిరాత. ముట్టుకుంటే మడతల దగ్గర చిరిగిపోతోంది. పక్కింటి పెద్దాయన కళ్లజోడు సవరించుకుంటూ గంటసేపు కూర్చుని కొంత చదివిపెట్టారు. 1347 ఫసలీ (అప్పటి శిస్తు లెక్కల సంవత్సరం), ఖుర్దాద్ నెల అని ఉందట.

మామూలుగా ఫసలీకి 590 కలపమంటారు కదా, అలా చూస్తే 1937 వస్తుంది. కానీ నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఖుర్దాద్ ఏడో నెల. అంటే 1938 ఏప్రిల్ అవ్వాలి. ఈ లెక్క సరేనా?

అసలు తికమక డబ్బు దగ్గర. ఒకచోట 140 హాలీ, కింద ఇంకో ఇంకుతో 120 కల్దార్ అని రాశారు. హాలీ సిక్కా నిజాం సొంత నాణెం, కల్దార్ ఇంగ్లీషు వాళ్ల రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు కాబట్టి రెండూ ఒకే మొత్తం, అంతవరకు అర్థమైంది. మా ఊళ్లో జరిగిన బేరానికి కల్దార్ లెక్క ఎందుకు రాసినట్టు? అమ్మినాయనకు సికింద్రాబాద్‌లోనో, మద్రాసు వైపో అప్పులేమైనా ఉండి ఉంటాయా? లేక అప్పట్లో రెండూ రాయడం మామూలేనా? ఇది నా ఊహే, నవ్వకండి.

ఇలాంటి కాగితాలు మీ ఇళ్లలో ఉంటే వాటిలో ఎలా రాశారో చెప్పండి. తార్నాకలోని ఆర్కైవ్స్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఉంటే, 1347 నాటి మా ఊరి రికార్డు కావాలంటే ఏ పేరుతో అడగాలి? సేత్వార్ (సర్వే తర్వాత తయారుచేసిన భూమి రికార్డు) అనా, ఇంకేదైనానా? లామినేషన్ చేయించమని తమ్ముడు గొడవ. నాకేమో టెన్షన్‌గా ఉంది, చేయించొచ్చా?