బురదలో పాప అడుగు అంత తక్కువ దిగడానికి కారణం ఏంటి? కాస్త చెప్పండి

పోయిన ఆదివారం గండిపేట చెరువు ఒడ్డున తడి బురదలో నడిచాం. నా అడుగు 6 సెంటీమీటర్లు దిగింది, మడమ గుంటలో నీళ్లు ఊరాయి. మా ఆవిడదీ అంతే. పాప అడుగు మాత్రం 2 సెంటీమీటర్లే. "అమ్మ నీకన్నా సన్నం కదా నాన్నా, మరి నీ అంత ఎందుకు దిగింది?" అని పాప పట్టుకుంది.

ఇంటికొచ్చి గ్రాఫ్ కాగితం మీద తడి పాదాల అచ్చులు వేసి గళ్లు లెక్కపెట్టాం. నేను 84 కిలోలు, పాదం 210 చదరపు సెంటీమీటర్లు. ఆవిడ 60, పాదం 150. పాప 25, పాదం 100. ఒంటికాలి మీద భారం వేస్తే మా ఇద్దరికీ చదరపు సెంటీమీటరుకు 0.4 కిలో, పాపకి 0.25. ఆవిడ సంగతి తేలిపోయింది. అది చూసి పాప ఎగిరి గంతేసింది.

తేలనిది పాప సంగతే. ఒత్తిడి నాదాంట్లో సగానికి పైనే, లోతు మూడో వంతే. మట్టి కొంత బరువు దాకా ఆపి, తర్వాత ఒక్కసారిగా లొంగుతుందా? లేక నడిచేటప్పుడు మడమ వైశాల్యమే లెక్కలోకి తీసుకోవాలా? మట్టి గురించి తెలిసిన సివిల్ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే, ఆరో తరగతి పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.