టాలరెన్స్ అంటే సహనమేనా?

మొదటి పోస్టు:
ఒక అల్యూమినియం బ్రాకెట్ చేయించుకోవడానికి డ్రాయింగ్ గీశాను. మెషినిస్టుకి తెలుగులో ఉంటే హాయిగా ఉంటుందని, బొమ్మ కింద ఉండే నోట్స్‌ని అనువాదం చేసే యాప్‌లో వేశాను. వచ్చినవి చూడండి. జనరల్ టాలరెన్స్: "సాధారణ సహనం". సర్ఫేస్ ఫినిష్: "ఉపరితల ముగింపు". ఎం8 ట్యాప్: "ఎం8 కుళాయి". బ్రేక్ షార్ప్ ఎడ్జెస్: "పదునైన అంచులను విరగ్గొట్టండి". ఆయన ఈ చివరిది అక్షరాలా పాటిస్తే నా బ్రాకెట్ గతేమిటో!

ఫినిష్‌ని నునుపు అన్నాను. ట్యాప్ చోట "లోపలి మర తీయాలి" అని రాశాను. అంచులకు "పదును తీసేయాలి" సరిపోయింది. కొలతలో ఎంత తేడా రావచ్చో చెప్పే టాలరెన్స్ దగ్గర మాత్రం ఆగిపోయాను. దీన్ని ఏమనాలి?

జవాబు:
యాప్‌ని మరీ తిట్టకండి. లాటిన్ మూలంలో ఆ మాటకి భరించడమనే అర్థం. మన సహనమూ భరించడమే. ఓర్పుకున్న మాటని ఇంజనీర్లు లోహానికి అంటగట్టారు, పాపం యాప్ దాన్ని తిరిగి మనిషికి అంటగట్టింది. అచ్చతెలుగే కావాలంటే సైరణ ఉంది. "సాధారణ సైరణ: ±0.2". వినడానికి ఎంత బాగుందో!

జవాబు:
సైరణ అంటే ఆ మెషినిస్టుకి ముందు మనం అర్థం చెప్పాలి. వెంట్రుకవాసి ఉండగా ఇంకో మాట ఎందుకండీ?

జవాబు:
డ్రాయింగులు చదివి ముక్కలు కొలిచే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త ఎక్కువే రాస్తున్నాను. మాటకన్నా ముందు ఆ పని చూడాలి. 20 మి.మీ. అని రాసినంత మాత్రాన ఏ యంత్రమూ సరిగ్గా 20 చేసి ఇవ్వదు. ఎంతోకొంత తేడా వస్తుంది. ఎంతవరకు వస్తే ఉంచుకోవాలి, ఎంత దాటితే పారేయాలి అన్నది చెప్పేదే టాలరెన్స్. 20 ±0.05 అంటే 19.95 ఒక హద్దు, 20.05 ఇంకో హద్దు. 19.96 వచ్చినా, 20.04 వచ్చినా ముక్క మంచిదే. ఇందులో ఎవరూ ఎవరినీ సహించడం లేదు. 20.06 వస్తే ఎంత ఓర్పున్నవాడైనా పక్కన పెట్టాల్సిందే.

అందుకే వెసులుబాటు, సడలింపు, మినహాయింపు కూడా నాకు నప్పవు. అవి అడిగితే ఎవరో దయతలచి ఇచ్చేవి. పైగా అలవెన్స్ అని విడిగా ఒకటుంది: ఒకదాంట్లో ఒకటి కూర్చునే రెండు ముక్కల మధ్య కావాలనే ఉంచే తేడా. వెసులుబాటుని దానికి దాచుకోండి.

నా ఓటు హెచ్చుతగ్గుకి. హెచ్చు హద్దు, తగ్గు హద్దు. ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు.

జవాబు:
హెచ్చుతగ్గులంటే నాకు మనుషుల మధ్య తేడాలే గుర్తొస్తాయి, లేదంటే బీపీ. ± గుర్తుని మనం నోటితో ఎలా చదువుతాం? "అటూ ఇటూ" అనే కదా. అదే పెట్టేస్తే పోలేదా?

జవాబు (హెచ్చుతగ్గు అన్నది నేనే):
±కి అటూ ఇటూ భేషుగ్గా ఉంటుంది. చిక్కేమిటంటే అన్ని టాలరెన్సులూ అటూ ఇటూ ఉండవు. 20 మి.మీ. రంధ్రానికి పక్కన హెచ్7 అని (టాలరెన్స్‌ని చెప్పే అంతర్జాతీయ గుర్తు) రాశారనుకోండి. అది 20.000 నుంచి 20.021 లోపల ఉండాలి. అటే తప్ప ఇటు లేదు. "హెచ్చు 0.021, తగ్గు సున్నా" అంటే చెప్పేశాం. హెచ్చుతగ్గులు అని బహువచనం చేయకుండా హెచ్చుతగ్గు అని ఊరుకుంటే మీ బీపీ గొడవా ఉండదు.

వెంట్రుకవాసి అన్నవారికి: మామూలు వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. పైన చెప్పిన 0.021 అందులో మూడో వంతు కూడా లేదు. ఇక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే ముక్క పాడైనట్టే. మిగతా లోకంలో అతి సన్నం అనడానికి వాడే మాట లేత్ దగ్గర మోటు కొలత అయిపోతుంది.

అయితే ఆ పట్టింపు అన్నిచోట్లా అక్కర్లేదు. భయంకొద్దీ ప్రతి కొలతకీ ±0.01 పెట్టేవాళ్లని చూశాను. ఖర్చు పెరగడం తప్ప ఒరిగేది లేదు. బేరింగ్ కూర్చునే రంధ్రం దగ్గర బిగించండి, గాలికి వేలాడే అంచు దగ్గర వదిలేయండి.

మొదట పోస్టు పెట్టింది నేను:
నా బ్రాకెట్‌లో 20 మి.మీ. రంధ్రం ఒకటుంది, హెచ్7 అనే పెట్టాను! హెచ్ అంటే హెచ్చు అని గుర్తుపెట్టుకుంటే చాలన్నమాట. ఇంత తేలికని తెలియక టెన్షన్ పడ్డాను. నోట్స్ మొత్తం, గుర్తులతో సహా, తెలుగు లిపిలోకి మార్చేస్తున్నాను.

జవాబు:
ఆగండాగండి. రంధ్రానికి రాసేది పెద్దబడి హెచ్ (H). పొరపాటున చిన్నబడి హెచ్ (h) రాశారో, అది షాఫ్టుల, అంటే రంధ్రంలో కూర్చునే కడ్డీల గుర్తు. షాఫ్టుకి 20 హెచ్7 అంటే 19.979 నుంచి 20.000 దాకా. అంటే అంతా తగ్గే! అంకె అదే, హెచ్ అదే, దిక్కు తిరగబడింది. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు కదా. తెలుగులో "హెచ్7" అని రాస్తే చదివేవాడికి ఏ హెచ్చో ఎలా తెలుస్తుంది? వాక్యాలు తెలుగులో రాయండి, గుర్తుల జోలికి మాత్రం వెళ్లకండి.

మొదట పోస్టు పెట్టింది నేను:
బతికించారు. గుర్తులన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. నోట్స్ ఇలా తేలాయి: "కొలతలన్నీ మిల్లీమీటర్లలో. విడిగా హెచ్చుతగ్గు రాయని కొలతలకు ఐఎస్‌ఓ 2768, మధ్యరకం. అంచుల పదును తీసేయాలి. బొమ్మ మీద స్కేలు పెట్టి కొలవవద్దు, రాసిన అంకెలే లెక్క." ఐఎస్‌ఓ 2768 అంటే జనరల్ టాలరెన్సుల అంతర్జాతీయ ప్రమాణం. అందులో మధ్యరకం అంటే 6 నుంచి 30 మి.మీ. దాకా కొలతలకు ±0.2, అక్కడి నుంచి 120 దాకా ±0.3. నా మిగతా కొలతలకి ఇది ధారాళంగా సరిపోతుంది.

ఇంకొక్కటి మిగిలింది. అడుగు దాకా పోని బ్లైండ్ హోల్‌ని యాప్ "గుడ్డి రంధ్రం" అంది. ఇది మాత్రం తప్పనిపించలేదు, కానీ ఎవరైనా అలా అంటారా?

జవాబు:
గుంట అనండి. ఆ పక్కకి పొడుచుకుపోతే తూటు. తూట్లు పొడవడం అని ఊరికే అన్నారా!

జవాబు:
గుంటకి ఓటు. లోతు ఎంతో పక్కన రాయడం మరిచిపోకండి, లేకపోతే అదీ తూటే అవుతుంది.