కాలికి పాము చుట్టుకున్నా ఆపకూడని ప్రార్థన, పక్కవాడి ప్రాణం పోతుంటే ఆపొచ్చా?

చదువరి_కృష్ణ:
యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో ప్రార్థనల గురించి బెరఖోత్ అనే భాగం ఉంది. దాని ఐదో అధ్యాయం మొదట్లోనే ఒక మాట: అమిదా చేస్తున్నప్పుడు రాజు పలకరించినా బదులు చెప్పొద్దు, పాము మడమకు చుట్టుకున్నా ఆపొద్దు. అమిదా అంటే రోజుకు మూడుసార్లు, పాదాలు రెండూ జత చేసి నిలబడి, తనకు మాత్రమే వినిపించేంత మెల్లగా చెప్పుకునేది, మామూలు రోజుల్లో 19 దీవెనలు. ఇంకోపక్క ప్రాణం కాపాడటానికి సబ్బాతునైనా (పనులు చేయకూడని శనివారపు విశ్రాంతి దినం) మీరమనేదీ వీళ్లే. నా వాదన ఏంటంటే, అసలు ఆదర్శం "ఆపొద్దు" అనేదే, జనం తట్టుకోలేరని తర్వాతి రబ్బీలు (మతగురువులు) సడలించారు. కాదనేవాళ్లు రండి.

సుధ_లాపాయింట్:
మీరు మిష్నా దగ్గరే ఆగిపోయారు కృష్ణ గారూ. దాని మీద చర్చల గ్రంథం తాల్ముద్‌లో రవ్ షేషెత్ అనే పండితుడు వెంటనే అంటాడు, ఇది పాముకే, తేలు అయితే ఆపాలి అని. మనం "కాళ్లకు చుట్టుకున్న పాము కరవక మానదు" అంటాం, వాళ్ల లెక్క రివర్స్, పాము ఊరికే కరవదు, తేలుతోనే ప్రమాదం ఎక్కువ అని. ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ 12వ శతాబ్దంలో ఇంకా సూటిగా రాశాడు: ఆ ప్రాంతంలో అవి చంపే రకమైతే ఆపి పారిపో. 16వ శతాబ్దపు ధర్మసూత్రాల పుస్తకం షుల్హాన్ ఆరూఖ్‌లో పాము కోపంగా మీదికొస్తే ఆపమని ఉంది. ఎద్దు ఎదురొస్తే సాధువైన దానికి 50 మూరలు, పొడిచే అలవాటున్న దానికి కనుచూపు మేర దూరం జరగమన్నారు, ఇంత కొలతలు వేసి చెప్పినవాళ్లు భక్తి పరీక్ష పెడుతున్నారంటే నేను నమ్మను. రాజు సంగతి కూడా ఇశ్రాయేలు రాజుకే, పరాయి రాజైతే తల తీస్తాడు కాబట్టి బదులు చెప్పాల్సిందే.

చదువరి_కృష్ణ:
మరి కథలు? దారిలో అమిదా చేస్తున్న భక్తుడు ఒక అధికారి పలకరిస్తే పలకలేదు. "నీ తల నరికితే ఎవడు అడిగేవాడు" అని ఆయన తర్వాత గద్దిస్తే, "మీరు మీ రాజు ముందు నిలబడి ఉండగా స్నేహితుడు పలకరిస్తే బదులిస్తారా" అని అడిగి బయటపడ్డాడు. హనీనా బెన్ దోసా అనే పాతకాలపు భక్తుణ్ని ప్రార్థనలో ఉండగా విషజంతువు కరిస్తే ఆయనకేం కాలేదు, అదే చచ్చింది. ఇవన్నీ మెచ్చుకుంటూ చెప్పినవే కదా?

సుధ_లాపాయింట్:
మెచ్చుకుంటూనే. కానీ రెండింట్లోనూ పణంగా పెట్టింది ఎవరి ప్రాణం? వాళ్లదే. ఎదుటివాళ్ల బిడ్డ చచ్చిపోతుంటే కళ్లు మూసుకుని ప్రార్థన పూర్తిచేసిన మహానుభావుడి కథ ఒక్కటి చూపించండి. హసీదులు (యూదుల్లో ఒక భక్తి శాఖ) చెప్పుకునేది దీనికి పూర్తిగా ఎదురు కథ. ల్యాడీ ఊరి రబ్బీ ష్నేయుర్ జల్మాన్ యోమ్ కిప్పూర్ (ఏడాదిలో అతి పవిత్రమైన ఉపవాస దినం) రోజు ప్రార్థన మధ్యలో శాలువా తీసేసి, ఊరి చివర ఒంటరిగా ఉన్న బాలింత ఇంటికి వెళ్లి, కట్టెలు కొట్టి పొయ్యి వెలిగించి సూప్ కాచాడట. కథే, జరిగిందని నేను అనడం లేదు. ఆ సమాజం పిల్లలకు ఏ కథ చెప్పుకుందో చూడండి.

జగిత్యాల_అనిల్:
అన్నా, నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌ని, బ్నేయ్ బ్రాక్‌లో ఒక ముసలాయన్ని చూసుకుంటా. పుస్తకాల సంగతి నాకు తెలీదు, చూసింది చెప్తా. సబాను (తాత అని ఆ ముసలాయన్నే) పొద్దున సినగాగ్‌కి (యూదుల ప్రార్థనా మందిరం) వీల్‌చెయిర్‌లో తీసుకుపోతా. అక్కడ ప్రార్థన శాలువా కింద ఆరెంజ్ జాకెట్ వేసుకున్న వాలంటీర్ ఉంటాడు, బయట అతని మెడికల్ బైక్. ఫోన్ మోగితే ప్రార్థన ఎక్కడుందో చూడడు, ఉరుకుతాడు. ఎవరూ తల తిప్పి చూడరు. సబ్బాతు రోజు లిఫ్ట్ బటన్ కూడా నొక్కని మనుషులు వీళ్లు, ఆ రోజు కూడా బైక్ పోతుంది. మీరు దీని మీద ఇంత వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది, ఏమనుకోకండి.

నాని_సందేహం:
అనిల్, నీ మాట ఒప్పుకుంటా గానీ అసలు చిక్కు అక్కడే. గుండెపోటు అని తెలిస్తే ఎవరైనా పరుగెడతారు. ఫోన్ మోగింది, అదేంటో తెలియదు, బహుశా ఇంకో వాలంటీర్ దగ్గర్లో ఉన్నాడు, బహుశా కాలు బెణికింది. అమిదా సగంలో ఉన్నవాడు ఫోన్ తీసి చూడాలా? ఒక్క హాల్లో ముగ్గురు వాలంటీర్లుంటే ముగ్గురూ లేచి పోవాలా? ఇలా అయితే ప్రతివాడూ ఫోన్ ఆన్‌లో పెట్టుకుని "ఎమర్జెన్సీ" అంటాడు.

సుధ_లాపాయింట్:
దానికి జవాబు మిష్నాలోనే ఉంది, యోమా అనే భాగం ఎనిమిదో అధ్యాయం. గోడ కూలింది, కింద మనిషి ఉన్నాడో లేడో, బతికున్నాడో పోయాడో, యూదుడో కాదో, అన్నీ అనుమానమే, అయినా సబ్బాతు రోజే తవ్వు అంటుంది. అనుమానం ఉంటే చాలు. యెరూషలేము తాల్ముద్ ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటప్పుడు రబ్బీ దగ్గరికెళ్లి "చెయ్యొచ్చా" అని అడుగుతూ కూర్చునేవాడు రక్తం చిందించినట్టే అంటుంది. ఇక ఫోన్ సంగతి. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ సినగాగ్ మీద కాల్పుల్లో 11 మంది చనిపోయారు. ఆ రోజు సబ్బాతు ప్రార్థన నడిపిస్తున్న రబ్బీ జెఫ్రీ మయర్స్ దగ్గర ఫోన్ ఉంది, భద్రతా సలహా ఇచ్చినవాళ్లు చెప్పాక సబ్బాతు రోజు కూడా దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎమర్జెన్సీ నంబరు 911కి చేసింది దానితోనే.

చదువరి_కృష్ణ:
కాల్పులు వేరు, మోగిన ప్రతి ఫోనూ వేరు సుధ గారూ. 1973 అక్టోబరు 6, యోమ్ కిప్పూర్ నాడు ఇజ్రాయెల్‌లో సైరన్లు మోగితే రిజర్వు సైనికులు సినగాగుల నుంచే యుద్ధానికి వెళ్లారు, దాన్ని నేనూ తప్పు పట్టను. కానీ 2019లో జర్మనీలోని హల్లే చూడండి, అదీ యోమ్ కిప్పూరే. దుండగుడు సినగాగ్ తలుపు పగలగొట్టలేకపోయాడు, లోపలివాళ్లు బతికారు, బయట ఇద్దరు చనిపోయారు. పోలీసులు లోపలివాళ్లను ఆసుపత్రికి తరలిస్తే అక్కడే ఆ రోజు ప్రార్థన ముగించారు. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే, ఆగిన ప్రార్థన రద్దు కాదు. వెనక్కొచ్చి పూర్తిచేయాలి. ఆ బరువు లేకపోతే నాని చెప్పిన ఫోన్ల గోల తప్పదు.

జగిత్యాల_అనిల్:
తిరిగొస్తే ఎక్కడ్నుంచి మొదలుపెడతారు? మా వాలంటీర్ ఒక్కోసారి గంట తర్వాత వస్తాడు, అప్పటికి హాలు ఖాళీ.

సుధ_లాపాయింట్:
మొత్తం అమిదా చెప్పేంత సేపు గడిచిపోతే మళ్లీ మొదటి నుంచి. అంతకంటే తక్కువైతే ఆగిన దీవెన మొదటికి, అదీ మధ్య దీవెనల్లో ఉంటేనే, మొదటి మూడింటిలో ఆగితే ఎలాగూ మొదటికే. వేళే దాటిపోతే మామూలుగా తర్వాతి పూట అమిదా రెండుసార్లు చెప్పాలి, ఒకటి ఆ పూటది, ఒకటి పోయినదానికి బదులు. ఒక పుణ్యకార్యంలో ఉండి ప్రార్థన తప్పినవాడికి ఆ బదులు కూడా అక్కర్లేదని కొందరు, అక్కరే అని కొందరు. కృష్ణ గారు ఎటో చెప్పక్కర్లేదు, నేను మాత్రం అక్కర్లేదనే వైపు.